పిల్లలు మారిపోతారు, బోర్డు మిగులుతుంది: ఒహాయోలో ఒక ఫ్రాటర్నిటీ చాప్టర్ కేస్ స్టడీ

ఒహాయో రాష్ట్రంలో ఒక యూనివర్సిటీ ఊళ్లో చదువుకునే రోజుల్లో నేను ఒక ఫ్రాటర్నిటీ (మగపిల్లల విద్యార్థి సంఘం) చాప్టర్‌లో, అంటే ఆ క్యాంపస్‌లోని శాఖలో చేరాను. ఇప్పుడు అదే చాప్టర్‌కి అలుమ్ని (పూర్వ సభ్యుల) బోర్డు చైర్మన్‌గా ఉన్నాను. జీతం లేని పని. బతుకుదెరువు అకౌంటింగ్. ఆ చాప్టర్ మూతపడే దాకా వెళ్లి మళ్లీ ఎలా నిలదొక్కుకుందో ఈ కేసులో రాస్తున్నాను. యూనివర్సిటీ పేరు, ఫ్రాటర్నిటీ పేరు, పిల్లల పేర్లు రాయను.

ఇలాంటి బోర్డుల్లోకి రమ్మని ఈమధ్య తెలుగువాళ్లనీ పిలుస్తున్నారు. ఇక్కడ పెరిగిన మన పిల్లలు ఫ్రాటర్నిటీల్లో చేరడం మామూలైపోయింది. చదువైపోయి ఉద్యోగంలో కుదురుకున్నాక ‘మీ చాప్టర్‌కి కాస్త సాయం చేయండి’ అని ఫోన్ వస్తుంది. సరేనన్నవాళ్లకి ఏం చేయాలో, ముఖ్యంగా ఏం చేయకూడదో చెప్పేవాళ్లు దొరకరు. ఇది వాళ్ల కోసం.

మన కాలేజీల్లో ఫ్రాటర్నిటీకి సరిగ్గా సరిపోయేది ఏదీ లేదు. కొంత హాస్టల్, కొంత క్లబ్బు, కొంత జీవితాంతం వదలని చుట్టరికం. 1825లో న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో కప్పా ఆల్ఫా సొసైటీతో ఈ పద్ధతి రూపు కట్టింది. ఒహాయోకి ఇందులో పెద్ద పేరే ఉంది. ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లోని మయామీ యూనివర్సిటీలో 1839లో బీటా థీటా పై, 1848లో ఫై డెల్టా థీటా, 1855లో సిగ్మా కై పుట్టాయి. నల్లజాతి విద్యార్థులు 1906లో కార్నెల్‌లో ఆల్ఫా ఫై ఆల్ఫా పెట్టుకున్నారు. దక్షిణాసియా పిల్లలు 1998లో ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో డెల్టా ఎప్సిలాన్ సై పెట్టుకున్నారు.

ఒక చాప్టర్ మీద నలుగురికి హక్కు ఉంటుంది. రోజూ నడిపేది విద్యార్థులు. చార్టర్ (చాప్టర్ నడిపే అనుమతి పత్రం) ఇచ్చేది, ఇన్సూరెన్స్ చూసేది హెడ్ ఆఫీసు. పిల్లలు దాన్ని ‘నేషనల్స్’ అంటారు. బిల్డింగ్ సొంతదారు హౌస్ కార్పొరేషన్, అంటే పూర్వ సభ్యులు రిజిస్టర్ చేసుకున్న లాభాపేక్ష లేని సంస్థ. క్యాంపస్‌లో గుర్తింపు ఇచ్చేదీ తీసేసేదీ యూనివర్సిటీ. అలుమ్ని బోర్డు వీటన్నిటి మధ్యా ఉంటుంది. చెక్కు మీద సంతకం చేసే అధికారం ఉండదు, ఎవరినీ తీసేసే అధికారం ఉండదు. ఉన్నదల్లా ఒక్కటే. నాలుగేళ్లకోసారి మనుషులంతా మారిపోయే చోట నిన్న ఏం జరిగిందో గుర్తున్నవాళ్లు వీళ్లొక్కరే.

2022 అక్టోబర్ చివర్లో ఒక గురువారం రాత్రి ‘బిగ్-లిటిల్ నైట్’ జరిగింది. కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ ఒక సీనియర్‌ని అన్నగా కేటాయించే రాత్రి అది. ఆ అన్న తమ్ముడి చేతికి ఒక సీసా ఇస్తాడు. దాన్ని ‘ఫ్యామిలీ బాటిల్’ అంటారు. తెల్లారేలోగా ఖాళీ చేయాలని ఎవరూ నోటితో చెప్పరు. చెప్పకుండానే అందరికీ తెలుసు. అమెరికాలో 21 ఏళ్లు నిండకుండా మద్యం కొనకూడదు. ఆ రాత్రి సీసాలు పట్టుకున్నవాళ్లలో చాలామందికి 18.

ఒక కుర్రాడు పడిపోయాడు. సోఫా మీద పక్కకి తిప్పి పడుకోబెట్టారు. వెల్లకిలా దొర్లకుండా వీపుకి పుస్తకాల బ్యాగు తగిలించారు. నిద్రపోతే తగ్గిపోతుందనుకున్నారు. అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసింది చాప్టర్ వాళ్లు కాదు. మెసేజ్‌లకి జవాబు రాక వెతుక్కుంటూ వచ్చిన డార్మ్ (హాస్టల్) స్నేహితుడు చేశాడు. కుర్రాడు బతికాడు. సోమవారానికల్లా యూనివర్సిటీ చాప్టర్‌ని తాత్కాలికంగా సస్పెండ్ చేసింది. నేషనల్స్ విచారణ మొదలుపెట్టింది.

ఆ బ్యాగు సంగతి విన్నప్పుడు నాకు వెంటనే పెన్ స్టేట్ గుర్తొచ్చింది. 2017 ఫిబ్రవరిలో అక్కడ బీటా థీటా పై హౌస్‌లో తిమోతీ పియాజా అనే 19 ఏళ్ల కుర్రాడు మెట్ల మీంచి పడి, గంటల తరబడి సాయం అందక చనిపోయాడు. అతనికీ అలాగే బ్యాగు తగిలించారు. ఆ ఇంట్లో మద్యం ఉండకూడదన్న రూలు ఉంది. సెక్యూరిటీ కెమెరాలు ఉన్నాయి. ఇంట్లోనే ఉండే పెద్ద వయసు సలహాదారు కూడా ఉన్నాడు. కాగితం మీద చూస్తే ఉండాల్సినవన్నీ ఉన్నాయి. అదే ఏడాది నవంబర్లో ఫ్లోరిడాలో ఒకడు, 2021 ఫిబ్రవరిలో వర్జీనియాలో ఒకడు, 2021 మార్చిలో ఒహాయోలోనే బౌలింగ్ గ్రీన్‌లో ఒకడు పోయారు. ఈ ముగ్గురూ పోయింది బిగ్-లిటిల్ రాత్రి ఇచ్చిన సీసాతోనే. ఊళ్లు వేరు, ఫ్రాటర్నిటీలు వేరు, పద్ధతి మాత్రం ఒక్కటే. దీన్ని ఏదో ఒక చెడ్డ కుర్రాడు చేసిన పనిగా చూసే బోర్డు వల్ల ఏమీ బాగుపడదు.

మా చాప్టర్‌లో సెప్టెంబర్లోనే ప్రతి ఒక్కరూ హేజింగ్ (కొత్తవాళ్లని చేర్చుకునే పేరుతో చేసే ర్యాగింగ్) వ్యతిరేక పత్రం మీద సంతకం చేశారు. ఆ పత్రాలు ఫైల్లో భద్రంగా ఉన్నాయి.

పాత బోర్డు లెటర్‌హెడ్ మీద మాత్రమే ఉండేది. హౌస్ కార్పొరేషన్ వాళ్లు కొత్తగా ఐదుగురిని కూర్చారు: ఒక లాయర్, ఒక హైస్కూల్ వైస్ ప్రిన్సిపాల్, ఒక బిల్డింగ్ కాంట్రాక్టర్, ఒక ఎమర్జెన్సీ వార్డు నర్సు, నేను. నర్సు మా చాప్టర్ సభ్యురాలు కాదు, పూర్వ సభ్యుడి భార్య. బయటి మనిషి ఎందుకని కొందరు గొణిగారు. మొత్తం బోర్డులో ఆవిడంత పనికొచ్చిన మనిషి లేదు. ఎవరైనా బోర్డు కూరుస్తుంటే నా మొదటి సలహా ఇదే: ఆ ఇంటి మీద తీపి జ్ఞాపకాలు లేని మనిషిని ఒకరిని తప్పకుండా పెట్టుకోండి.

పిల్లలతో మొదటి మీటింగ్‌లో ముందు మాట లాయర్ మాట్లాడాడు. ఒహాయోలో 2021 అక్టోబర్ నుంచి అమల్లో ఉన్న కాలిన్స్ లా గురించి చెప్పాడు. ఒహాయో యూనివర్సిటీ విద్యార్థి కాలిన్ వయాంట్ 2018లో చనిపోయాక అతని పేరు మీద వచ్చిన చట్టం అది. బలవంతంగా తాగించి ఎవరికైనా తీవ్రమైన హాని జరిగితే అది ఫెలనీ, అంటే జైలుకి పంపే పెద్ద నేరం. హేజింగ్ జరిగిందని తెలిసీ పోలీసులకి చెప్పకపోవడం కూడా నేరమే. బాధ్యతలో ఉండి చెప్పకపోతే శిక్ష పడేవాళ్ల జాబితాలో పూర్వ సభ్యులు, వాలంటీర్లు అన్న మాటలు స్పష్టంగా ఉన్నాయి. ‘కాబట్టి మాకు చెబితే మా దగ్గరే ఉంటుందనుకోకండి. చెప్పేముందు ఈ సంగతి మీకు తెలియాలి’ అన్నాడు.

గది నిశ్శబ్దమైపోయింది. కొందరు ఆ తర్వాత మాతో అసలు మాట్లాడలేదు. అయినా అది మొదటిరోజే చెప్పాల్సిన మాట. ‘మనవాళ్లం, మన మధ్యే ఉంచుకుందాం’ అనే బోర్డు పిల్లలకి దగ్గరైనట్టు కనిపిస్తుంది. నిజానికి వాళ్లని, తనని కూడా గోతిలోకి దింపుతుంది.

ఇక డబ్బు దగ్గర కాసేపు ఆగాలి. చాప్టర్ ఎక్కడ చెడిందో ముందు చెప్పింది లెక్కలే.

ట్రెజరర్ రెండో సంవత్సరం ఇంజినీరింగ్ కుర్రాడు. డైనింగ్ హాల్లో బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. అరవై మంది దాకా సభ్యులు, సెమిస్టర్‌కి తలా 650 డాలర్ల డ్యూస్ (సభ్యత్వ రుసుము). బకాయిలు 30 వేల డాలర్లు దాటాయి. పేర్లు వరుసలో పేర్చమన్నాను. పైన ఉన్నవాళ్లంతా ఫైనలియర్ వాళ్లు.

“వీళ్లని ఎప్పుడైనా అడిగావా?”

“అడగలేదు. నన్ను ఈ పోస్టులో కూర్చోబెట్టింది వాళ్లే.”

మిగతా కథంతా ఆ ఒక్క మాట వెనకే ఉంది. సీనియర్లు కట్టరు. ఆ లోటు పూడ్చేది కొత్తగా చేరేవాళ్ల ఫీజు. అందుకని ప్రతి ఫాల్ సెమిస్టర్‌లో వీలైనంత మందిని చేర్చుకుంటారు. పదిహేను మందిని సరిగ్గా తెలుసుకోగలిగిన చోట పాతికకి పైగా వచ్చి పడ్డారు. వాళ్లెవరో ఎవరికీ తెలియదు, మనిషిని తెలుసుకునే తీరిక లేదు. అంతమందిలో ‘నిజంగా మనవాడు ఎవడు’ అని తేల్చడానికి దగ్గరి దారి తాగించడం, నిలబెట్టడం, నిద్ర లేకుండా చేయడం. హేజింగ్‌కి కారణం క్రూరత్వం అని చాలామంది అనుకుంటారు. మా చాప్టర్‌లో దానికి మొదటి కారణం కట్టని బిల్లు.

ఇంకో సంగతి. పుస్తకంలో సోషల్ ఖర్చు అనుమానం వచ్చేంత తక్కువగా ఉంది. నేషనల్స్ నియమం ప్రకారం చాప్టర్ డబ్బుతో మద్యం కొనకూడదు కాబట్టి పుస్తకం శుభ్రంగా ఉంది. “లెక్కల పుస్తకం చాలు, ఫోన్లో వెన్మో చూపించు” అన్నాను. కుర్రాడు ఒక నిమిషం ఆలోచించి, డబ్బు పంపుకునే ఆ యాప్ తెరిచాడు. వేలితో పైకి జరుపుతూ పోయాడు. ప్రతి గురువారం, ఒకే మనిషి ఖాతాకి, తలా ఇరవై డాలర్లు, ఎదురుగా పిజ్జా బొమ్మ. అక్టోబర్ చివరి వారంలో మాత్రం తలా నలభై. చాప్టర్‌కి రెండు పద్దులు ఉన్నాయి. ఒకటి మాకు చూపించేది, రెండోది వాళ్లు బతికేది.

పద్దు బయట వసూలు చేస్తే చాప్టర్‌కి సంబంధం లేదని పిల్లలు గట్టిగా నమ్మారు. లాయర్ దాన్ని విడమరిచాడు. కోర్టు పద్దు పేరు చూడదు, ఆ పార్టీ ఎవరిదో చూస్తుంది. నియమాలు తప్పిన సందర్భంలో ఇన్సూరెన్స్ కంపెనీ అండగా నిలవకపోవచ్చు. అప్పుడు కేసు ఆ కుర్రాడి మీదికి, అక్కణ్ణుంచి వాళ్ల అమ్మానాన్నల ఇంటి ఇన్సూరెన్స్ మీదికి వస్తుంది. తమ ఇంటి మాట వచ్చేసరికి కుర్రాళ్ల ముఖాలు మారాయి. అంతకు ముందు గంటసేపు చెప్పిన నీతి అంత పనిచేయలేదు.

బకాయి ఉన్నవాడికి ఓటు లేదు, పదవి లేదు అని బోర్డు ప్రతిపాదించింది. చాప్టర్ సమావేశంలో వాళ్లే ఓటు వేసి ఒప్పుకున్నారు. ఒప్పుకోవడానికి రెండు మీటింగులు పట్టాయి. వాయిదాల్లో కడతామన్నవాళ్లతో కాగితం రాయించుకున్నాం. కుర్రాడి అనుమతితో బిల్లు కాపీ తల్లిదండ్రులకి వెళ్లే ఏర్పాటు చేశాం. దాంతో ఒక విచిత్రం బయటపడింది. కొన్ని ఇళ్లలో నాన్న ఎప్పటికప్పుడు డబ్బు పంపిస్తూనే ఉన్నాడు, అది చాప్టర్ దాకా రాలేదు. బకాయిల్లో సగానికి పైగా ఆ ఏడాదిలోనే వచ్చేశాయి.

పన్ను కాగితాలు చూస్తే లాభాపేక్ష లేని సంస్థలు ఏటా ఇవ్వాల్సిన ఫారం 990 రెండేళ్లుగా దాఖలు చేయలేదు. వరుసగా మూడేళ్లు చేయకపోతే పన్ను మినహాయింపు దానంతటదే రద్దవుతుంది. చాలా చాప్టర్లు 501 సీ 7 కింద సోషల్ క్లబ్బులుగా నమోదై ఉంటాయి. వాటికి ఇచ్చే విరాళానికి దాతకి పన్ను రాయితీ రాదు. రాయితీ వచ్చేది స్కాలర్‌షిప్పుల కోసం పెట్టే 501 సీ 3 ఫౌండేషన్‌కి ఇస్తేనే. ఈ తేడా తెలియక ఏళ్ల తరబడి తప్పు రసీదులు ఇచ్చిన చాప్టర్లు ఉన్నాయి. బోర్డులో లెక్కలు తెలిసిన మనిషి ఒక్కడుంటే ఒక శనివారంలో తేలే పని ఇది.

పిల్లల కన్నా కష్టమైంది పెద్దవాళ్లతో.

ఫిబ్రవరిలో పూర్వ సభ్యుల సమావేశం పెట్టాం. డెబ్బైల నాటి బ్యాచ్‌ల నుంచి మొన్న మొన్నటివాళ్ల దాకా వచ్చారు. వంటగది బాగుచేయడానికి అందరికన్నా ఎక్కువ డబ్బు ఇస్తానన్న పెద్దమనిషి లేచి, “మేమూ తాగాం. మేమూ లైనప్‌లో నిలబడ్డాం. ఏం పోయింది మాకు? మనుషులమయ్యాం” అన్నారు. చప్పట్లు కొట్టారు.

ఇది మనకి కొత్త మాట కాదు. మెడికల్ కాలేజీ హాస్టళ్లలో, ఇంజినీరింగ్ కాలేజీల్లో ర్యాగింగ్ గురించి మన పెద్దవాళ్ల నోట ఇదే మాట విన్నాం: ‘మేం పడలేదా?’ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. 2009లో యూజీసీ దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. చట్టం వచ్చాక కూడా ఆ మాట బతికే ఉంది. ఎందుకంటే పడ్డవాడికి తన బాధకి ఏదో అర్థం ఉండాలి. అది ఉత్త హింస అని ఒప్పుకుంటే తన కాలేజీ రోజులే చిన్నబోతాయి. ఆ పెద్దమనిషి మీద నాకు కోపం రాలేదు. కానీ ఆయన మాట నెగ్గనిస్తే ఆ ఇంట్లో ఇంకో కుర్రాడు పడిపోతాడు.

నర్సు లేచింది. వాదించలేదు. మద్యం ఒంట్లో ఏం చేస్తుందో చెప్పింది. ఆఖరి గుక్క తాగి పడుకున్నాక కూడా కడుపులో ఉన్నది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. కాబట్టి ‘నిద్రపోతున్నాడు, తగ్గుతోంది’ అనుకునే గంటలోనే పరిస్థితి ముదురుతుంది. మోతాదు మించితే వాంతి వచ్చినప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోకుండా కాపాడే స్పందన చచ్చిపోతుంది. పెదాలు నీలంగా మారడం, ఊపిరి ఊపిరికీ మధ్య పది సెకన్లు దాటడం, గిల్లినా కదలకపోవడం, వీటిలో ఏది కనిపించినా అది నిద్ర కాదు. “మీ కాలంలో మీకేం కాలేదంటే మీ అదృష్టం” అని కూర్చుంది.

ఎనభైల బ్యాచ్ ఆయన ఒకరు వెనక నుంచి మాట్లాడారు. తన రూమ్మేట్ మధ్యలోనే వదిలేసి వెళ్లిపోయాడని, పిరికివాడని అందరితో పాటు తనూ నవ్వానని, ఆ తర్వాత అతనితో మాట్లాడనే లేదని చెప్పారు. చప్పట్లు కొట్టినవాళ్లలో చాలామందికి అలాంటివాడు ఒకడు గుర్తుండే ఉంటాడు. ‘మాకేం కాలేదు’ అనే లెక్కలో వెళ్లిపోయినవాళ్లు ఎప్పుడూ ఉండరు.

పెద్దమనిషి డబ్బు వెనక్కి తీసుకున్నారు. వంటగది పని ఆగిపోయింది. బోర్డు ఆయన వెంట పడలేదు. దాత మనసు కనిపెట్టుకుని నడుచుకునే బోర్డు పిల్లలకి సలహా చెప్పే స్థితిలో ఉండదు. పిల్లలు చాలా తెలివైనవాళ్లు, మనం ఎవరికి భయపడుతున్నామో ఇట్టే కనిపెడతారు. ఆ సమావేశంలో ఒక తీర్మానం మాత్రం నెగ్గింది: కొత్తవాళ్లు దీక్ష ముగించి పూర్తి సభ్యులయ్యేదాకా పూర్వ సభ్యులు ఎవరూ రాత్రిపూట హౌస్‌లో ఉండకూడదు. పాత ఆచారాల్ని కొత్తవాళ్లకి అందించేది చాలాసార్లు హోమ్‌కమింగ్‌కి (పూర్వ విద్యార్థుల వేడుకకి) వచ్చిన నిన్నటి సీనియర్లే.

ఈలోగా నేషనల్స్ వాళ్లు ప్రతి సభ్యుణ్ణీ విడివిడిగా ఇంటర్వ్యూ చేశారు. మూడో వంతు మంది చాప్టర్ నుంచి బయటికి వెళ్లారు. గది అద్దెలు తగ్గాయి, హౌస్ కార్పొరేషన్‌కి టెన్షన్ పట్టుకుంది. కాంట్రాక్టర్ మిత్రుడు ఖాళీ గదుల్ని ఒక ఏడాది తాళం వేసి, ఆ అంతస్తు హీటింగ్ తగ్గించి నష్టం కొంత పూడ్చాడు.

కొత్తవాళ్లని చేర్చుకునే పద్ధతి మార్చాల్సి వచ్చింది. సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్ 2014 మార్చిలో ప్లెడ్జ్ కాలాన్నే (కొత్తవాళ్లని పూర్తి సభ్యులుగా తీసుకునేముందు ఉంచే గడువునే) ఎత్తేసి, ఆహ్వానం అందిన నాలుగు రోజుల్లో పూర్తి సభ్యత్వం ఇచ్చే పద్ధతి తెచ్చింది. ఫై డెల్టా థీటా 2000 నుంచి తన ఇళ్లలో మద్యమే వద్దంది. అయినా 2017లో లూసియానాలో వాళ్ల చాప్టర్ హౌస్‌లోనే మాక్స్ గ్రూవర్ అనే కొత్త కుర్రాడు తాగించిన మద్యానికి బలయ్యాడు. దేశంలోని చాలా ఫ్రాటర్నిటీల కూటమి 2019 సెప్టెంబర్ నుంచి 15 శాతం దాటిన ఆల్కహాల్ ఉన్న మద్యాన్ని, లైసెన్సున్న బయటి అమ్మకందారు పోస్తే తప్ప, నిషేధించింది. మా హౌస్‌లో ఫ్యామిలీ బాటిళ్లు వచ్చింది ఆ నిషేధం ఉండగానే. ఇవన్నీ పిల్లల ముందు పెట్టాం. పథకం మాత్రం మేం రాయలేదు.

ఇది నేను పట్టుబట్టిన విషయం. పెద్దవాళ్లు రాసిచ్చిన పథకాన్ని పిల్లలు పెద్దవాళ్లున్నంతసేపే పాటిస్తారు. మేం మూడు ప్రశ్నలు మాత్రం ఇచ్చాం. ఇది కొత్తవాడి తల్లి చూస్తుండగా చేయగలరా? నర్సు పక్కన కూర్చుంటే చేయగలరా? ‘నేను చేయను’ అన్న కుర్రాడు మర్నాడు అందరి మధ్య తలెత్తుకుని భోంచేయగలడా?

వాళ్ల మొదటి పథకంలో బిగ్-లిటిల్ రాత్రికి సీసా లేదు. బదులుగా కళ్లకి గంతలు కట్టి కార్లో తిప్పి, ఎక్కడో దింపితే అన్నని వెతుక్కునే ఆట పెట్టారు. సరదాగానే ఉంది. మొదటి రెండు ప్రశ్నలకీ ఏదో జవాబు చెప్పారు. మూడో ప్రశ్న దగ్గర ఒక మూడో సంవత్సరం కుర్రాడు ఆగి, “గంతలు వద్దన్నవాణ్ణి మేం వదిలేయం, ఏడాదంతా ఆటపట్టిస్తాం” అన్నాడు. ఆట రద్దు చేసింది వాళ్లే. చివరికి ఆదివారం మధ్యాహ్నం భోజనం అన్నారు. అన్నలు వండాలి, తమ్ముళ్లు తినాలి, అమ్మానాన్నలు రావచ్చు. కొత్తవాళ్ల ఆరు వారాల కాలాన్ని నాలుగుకి తగ్గించారు. కొత్తవాళ్లకి ఫీజు సగం చేశారు, అంటే లోటు పూడ్చడానికి వాళ్లని వాడుకునే దారి మూసుకున్నారు. నా దృష్టిలో మొత్తం పథకంలో గొప్ప వాక్యం అదే.

ఇంకో మార్పు పైకి చిన్నగా కనిపిస్తుంది. ప్రమాదాలు జరక్కుండా చూసే రిస్క్ మేనేజర్ పదవి ఎప్పుడూ రెండో సంవత్సరం కుర్రాడికి అంటగట్టేవాళ్లు. ఎవరికీ ఇష్టం లేని పని కదా. పందొమ్మిదేళ్ల వాడు ఇరవై రెండేళ్ల వాడి చేతిలోంచి గ్లాసు లాక్కోలేడు. ఆ పదవి సీనియర్‌కే అని రాసుకున్నారు. పార్టీ ఆపే అధికారం, స్పీకర్ల కరెంటు స్విచ్ ఉన్న గది తాళం అతని దగ్గరే. 911కి ఎవరు చేయాలి, అంబులెన్స్‌కి తలుపు ఎవరు తీయాలి, పడిపోయినవాడి పక్కన ఎవరు కూర్చోవాలి అనేది నర్సు సెమిస్టర్ మొదట్లో రిహార్సల్ చేయిస్తుంది. నిజంగా నేల మీద ఒకణ్ణి పడుకోబెట్టి చేయిస్తుంది.

పదవుల మార్పిడి ప్రతి డిసెంబర్లో జరిగేది. పాత ప్రెసిడెంట్ పరీక్షల హడావిడిలో తాళాలు, పాస్‌వర్డ్‌లు ఇచ్చి వెళ్లిపోయేవాడు. జనవరిలో కొత్తవాడు గోడలు చూసుకుంటూ కూర్చునేవాడు. ఎన్నికల్ని నవంబర్ మొదట్లోకి జరిపాం. ఆ నాలుగైదు వారాలు పాతవాడూ కొత్తవాడూ ప్రతి పనీ కలిసి చేయాలి. బ్యాంకుకి కలిసి వెళ్లాలి, ఫ్రాటర్నిటీల వ్యవహారాలు చూసే యూనివర్సిటీ గ్రీక్ లైఫ్ ఆఫీసు మీటింగ్‌కి కలిసి వెళ్లాలి. గత మూడేళ్లలో తీసుకున్న నిర్ణయాలు, వాటి కారణాలు, ఏది ఎందుకు మానేశారన్నది ఒక ఫైల్లో ఉంటుంది. ఫ్యామిలీ బాటిల్ ఎందుకు మానేశామో అందులో తేదీతో సహా ఉంది. అప్పుడు ఆ ఇంట్లో ఉన్నవాళ్లలో ఇప్పుడు ఎవరూ లేరు. ‘పూర్వం సరదాగా ఉండేదట’ అని ఎవరో ఒకరు ఏదో ఒక ఏడాది అంటారు. అన్న రోజు తెరవడానికే ఆ ఫైల్.

2024 వసంతంలో ఒక అర్ధరాత్రి దాటాక ప్రెసిడెంట్ నాకు ఫోన్ చేశాడు. ఒక అతిథి పడిపోయాడు. “అంబులెన్స్ వెళ్లింది, మావాడు ఒకడు ఆస్పత్రికి వెంట వెళ్లాడు, డీన్ ఆఫీసుకి మెయిల్ పెట్టాను, ఇప్పుడు మీకు చేస్తున్నాను” అన్నాడు. ఆ వరుస సరైన వరుస. బోర్డుకి ముందు ఫోన్ చేసే చాప్టర్ బోర్డుకి భయపడే చాప్టర్. సాయం పిలిచినవాళ్లని కాపాడే యూనివర్సిటీ నియమం వర్తించింది. చాప్టర్‌కి చదువు చెప్పే తరగతి ఒకటి వేశారు, అంతటితో అయిపోయింది.

కొలంబస్ దగ్గర డబ్లిన్‌లో ఉండే ఒక తెలుగు తల్లి గత సంవత్సరం ఫోన్ చేసింది. “అన్నయ్యగారూ, మావాడు ఏదో గ్రీకు అక్షరాల క్లబ్బులో చేరతానంటున్నాడు. ఇది మన దగ్గర ర్యాగింగ్ లాంటిదే కదండీ? వద్దని చెప్పమంటారా?” వద్దంటే చెప్పకుండా చేరతాడమ్మా అన్నాను. అక్కడ హేజింగ్ ఉందా అని అడగడం దండగ, ఎవరూ ఉందని చెప్పరు. సీనియర్లు డ్యూస్ కడతారా, రిస్క్ మేనేజర్ ఏ సంవత్సరం వాడు, కొత్తవాళ్ల కాలం ఎన్ని వారాలు, పెద్దవాళ్లు ఎవరైనా నెలకోసారైనా హౌస్‌కి వస్తారా అని కుర్రాడినే అడిగి రమ్మనమన్నాను. కాలిన్స్ లా ప్రకారం ఒహాయో యూనివర్సిటీలు హేజింగ్ ఉల్లంఘనల జాబితాని వెబ్‌సైట్లో పెట్టాలి. 2024 డిసెంబర్లో వచ్చిన స్టాప్ క్యాంపస్ హేజింగ్ యాక్ట్ దాన్ని దేశమంతటా తప్పనిసరి చేసింది. ఆ జాబితాని కుర్రాడితో కలిసి కూర్చుని చూడమన్నాను. వాడు చేరింది వేరే చాప్టర్‌లో. బాగానే ఉన్నాడట.

ఇప్పుడు మా చాప్టర్‌లో నలభై పైచిలుకు ఉన్నారు. బకాయిలు రెండు వేల డాలర్ల లోపు. వంటగది ఇంకా పాతదే.

తేలని సంగతి ఒకటి ఉంది. సీనియర్లలో ఎక్కువమంది హౌస్‌లో ఉండరు. రెండు వీధుల అవతల ఏడెనిమిది మంది కలిసి ఒక ఇల్లు అద్దెకి తీసుకుంటారు. లీజు వాళ్ల పేరు మీదే, ఇంటి ఓనర్ ఎవరో. ఆ ఇంటి తాళం, లెక్క, రిహార్సల్ ఏదీ మా చేతిలో లేదు. హౌస్‌లో మానేసిన పద్ధతులు అలాంటి ఇళ్లలో మళ్లీ మొదలైన చాప్టర్లు నాకు తెలుసు. ఆ ఇంటి ఓనర్‌తో లాయర్ మాట్లాడాడు, పెద్దగా ఉపయోగం లేకపోయింది. ఈ నవంబర్ నుంచి అక్కడ ఉండేవాళ్లలో ఒకడు రిస్క్ కమిటీలో ఉండాలని, కొత్తవాళ్లు దీక్ష అయ్యేదాకా ఆ గడప తొక్కకూడదని చాప్టర్ ఓటు వేసింది. ఓటు నెగ్గింది రెండే రెండు ఓట్ల తేడాతో. వ్యతిరేకంగా వేసిన సీనియర్లని వచ్చే ఆదివారం నర్సూ నేనూ ఆ ఇంట్లోనే కలుస్తున్నాం. రమ్మని పిలిచింది వాళ్లే.